దాపటెద్దు నాలుక మీది మచ్చ

1991లో నన్ను బోధన్ దగ్గర, రెంజల్ వైపున్న ఒక పశువైద్యశాలకు వేశారు. పశువైద్యశాల అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, లోపల ఒక బల్ల, టీకాలు దాచే ఐసు పెట్టె, బయట గొడ్డును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం. ఆ చట్రాన్ని మేము ట్రెవిస్ అంటాం. నేను చేరిన మొదటి రోజే ఒక పెద్దాయన గుమ్మంలోంచి తొంగిచూసి, డాక్టర్ సాబ్ లేడా అని అడిగాడు. నేనే డాక్టర్ని అన్నాను. ఆయన ఇంకాసేపు నా వెనక్కి చూసి, రేపొస్తనని చెప్పి పోయాడు. అట్లాంటి రేపులు నాకు చాలా వచ్చాయి. మా అమ్మ నిజామాబాదులో బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఎవరో తొంగిచూసి పోయినంత మాత్రాన మూటాముల్లె సర్దుకునేదాన్ని కాను.

ఆ ప్రాంతంలో చెరకు కాలం వచ్చిందంటే పశువుల డాక్టరుకు కంటి మీద కునుకు ఉండదు. చలి మొదలయ్యేసరికి ఫ్యాక్టరీలో క్రషింగ్, అంటే చెరకు ఆడటం, మొదలవుతుంది. మన ఊళ్ళ బండ్లూ, మహారాష్ట్ర వైపు బండ్లూ వచ్చి రోడ్డు పొడుగునా వరుస కడతాయి. చెరకు తూచే కాంటా మీదికి తమ వంతు వచ్చేదాకా బండివాళ్ళు ఎడ్లను విప్పి పక్కపక్కనే కట్టేస్తారు. ఒక ఎద్దు మేత ఇంకో ఎద్దు తింటుంది, ఒకే తొట్లో అన్నీ మూతులు పెడతాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు, అంతమంది ఒక్కచోట చేరితే జరిగేది అదే. గాలికుంటుకు మాత్రం అంతకు మించిన జాతర లేదు.

గాలికుంటు అనేది వైరస్ వల్ల వచ్చే జబ్బు. నోట్లోనూ గిట్టల సందుల్లోనూ పొక్కులు లేచి పగులుతాయి. పశువు మేత ముట్టదు, చొంగ కారుస్తుంది, కుంటుతుంది. పెద్ద గొడ్లు చాలావరకు బతికి బయటపడతాయి గానీ, పాల దూడలకు వైరస్ గుండె కండరాన్ని పట్టుకుంటుంది. పొద్దున గంతులు వేసిన దూడ మధ్యాహ్నానికి ఒరిగిపోతుంది. దీనికి మేము వేసేది ఇనాక్టివేటెడ్ వ్యాక్సిన్. వైరస్‌ను పెంచి, రసాయనాలతో చంపి, ఆ చచ్చిన వైరస్‌నే సూదితో ఎక్కిస్తాం. చచ్చింది జబ్బు చేయలేదు. కానీ ఒళ్ళు దాని రూపు గుర్తుపెట్టుకుని, దాన్ని అడ్డుకునే యాంటీబాడీలను రక్తంలో తయారుగా ఉంచుకుంటుంది. ఆ కాపలా కొన్ని నెలలే ఉంటుంది, అందుకే ఏడాదికి రెండుసార్లు సూది వేయాలి.

ఈ సంగతంతా నేను ఊరూరా అరుగుల మీద నిలబడి చెప్పేదాన్ని. శ్రద్ధగా వినేవాళ్ళు, తలలూపేవాళ్ళు, తర్వాత తమకు తోచిందే చేసేవాళ్ళు.

నేను చెప్పబోయే ఊరిలో ఆ ఏడు చలికి ముందు సూదుల రోజు పెట్టాం. ముందురోజే డప్పు కొట్టి చాటించారు. నేనూ మా కాంపౌండర్ రహీం భాయ్ తెల్లారేసరికి ఐసు డబ్బాతో వెళ్ళాం. బండెడ్లు బారులు తీరి వచ్చాయి. బర్రె ఒక్కటి రాలేదు. దూడల సంగతి సరేసరి. రహీం భాయ్ ఆ వైపు ఊళ్ళలో చాలా ఏళ్ళు పనిచేసిన మనిషి, ఆయనకు ఇది కొత్త కాదు. ఎద్దుకు సూది వేస్తే చెరకు బండి ఆగకుండా నడుస్తుంది, బర్రెకు వేస్తే ఒకటి రెండు పూటలు పాలు తగ్గుతాయి. కాబట్టి ఎడ్లను మన ముందు నిలబెట్టి, బర్రెలను పొద్దున్నే కాలువ కట్టకు తోలేస్తారు. ఆ పక్క ఊళ్ళలో ఇది రివాజు అయిపోయింది. మొగుడికి గొడుగు పట్టి పిల్లల్ని వానలో నిలబెట్టినట్టుందని నేను గొణిగితే, రహీం భాయ్ నవ్వి సిరంజీ కడుక్కున్నాడు.

నేను ఊరుకోలేదు, ఇల్లిల్లూ తిరిగాను. భూమన్న పటేల్ ఆ ఊరికి పెద్ద. ఆయన మాట కాదని ఎవరూ ఏ పనీ చేయరు. ఆయన తన వాకిట్లో మంచం మీద కూర్చుని, మా ఇంట్ల బర్రెలు యాడియమ్మా, పోయినేడే అమ్మిన అన్నాడు. ఆ మాట ముగియకముందే మూసిన తలుపు వెనకనుంచి బర్రె ఒకటి గట్టిగా అరిచింది. వాకిట్లో ఉన్నవాళ్ళంతా నేల చూపులు చూశారు. పటేల్ మాత్రం తొణకలేదు, అది పక్కింటిదన్నాడు. పక్కిల్లు అనేదే లేదు, పక్కన గడ్డివాము ఉంది.

గంగవ్వను నేను మొదటిసారి చూసింది ఆ రోజే. నలభై ఏళ్ళు ఉంటాయేమో. చీర కుచ్చెళ్ళు వెనక్కి దోపుకుని, బండి మీద నిలబడి ఎడ్లను తోలుకుంటూ వచ్చింది. ఆమె భర్త పోశెట్టి కాలు చెరకు బండి చక్రం కింద నలిగింది. అప్పటినుంచీ బండి ఆమే తోలుతోంది. ఆడమనిషి బండి తోలడమేమిటని ఊరు మూతి విరిచింది, ఆమె పట్టించుకోలేదు. ఆ పూట నాకు ఆమె తెగ నచ్చింది. నచ్చిన మనిషితోనే నాకు మొదటి గొడవ అయింది.

"ఎడ్లకు రెండిటికెయ్యి. బర్రె మొన్ననే ఈనింది, దాని జోలికి రాకు," అంది.

పాలు రెండు పూటలు తగ్గితే తగ్గుతాయి, తర్వాత మామూలే అని చెప్పాను. ఈనిన బర్రెకు వేస్తేనే ఎక్కువ మేలన్నాను. గంగవ్వ నన్ను పైనుంచి కిందికి చూసి, గా రెండు పూటల పాలు నువ్విస్తవా అని అడిగింది. ఎడ్లకు సూది వేయించుకుని, బండి మళ్ళించుకుని పోయింది. ఆమె బర్రె కూడా మిగతా వాటితో పాటు కాలువ కట్ట మీదే ఉంది.

క్రషింగ్ మొదలైంది. ఏ రోజు ఎవరు చెరకు తేవాలో చెప్పే చీటీని అక్కడ పర్మిట్ అంటారు. ఆ ఊరికి వచ్చిన మొదటి పర్మిట్ గంగవ్వది. మిగతావాళ్ళు ఇంకా చెరకు కొట్టిస్తుండగానే ఆమె బండి ఫ్యాక్టరీకి పోయింది, వరుసలో వంతు కోసం కాసుకుని, ఖాళీ చేసుకుని తిరిగి వచ్చింది. ఎడ్లు నిక్షేపంగా ఉన్నాయి. ఆమె వచ్చిన కొన్నాళ్ళకు ఊళ్ళో బర్రెలు చొంగ కార్చడం మొదలుపెట్టాయి.

నాకు కబురు వచ్చి వెళ్ళేసరికి ఆ ఊరు ఊరులా లేదు. ప్రతి కొట్టంలోనూ బర్రెలు కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాయి, మూతుల నుంచి తీగల్లా చొంగ వేలాడుతోంది. ఇంటికొక దూడ చొప్పున పోతున్నట్టు అనిపించింది. పుండ్లు కడగడం, మందు రాయడం, జావ తాగించమని చెప్పడం తప్ప మా చేతిలో పెద్దగా ఏమీ లేదు. వైరస్‌కు విరుగుడు మందు లేదు. వాళ్ళు కాలువకు తోలిన బర్రెలు ఇవే కదా అని కోపం ముంచుకొచ్చింది. కానీ చచ్చిన దూడను ఒళ్ళో పెట్టుకున్న మనిషి ముందు ఆ మాట ఎలా అనగలం?

ఆ మాట నేను అనలేదు గానీ, వాళ్ళు నన్ను అనాల్సింది అన్నారు. పడిపోయినవన్నీ సూది లేనివే, మేత నెమరు వేస్తూ నిలబడినవన్నీ సూది వేసిన ఎడ్లే. వాళ్ళకు కనిపించింది అంతే, దాన్నుంచి ఒక అర్థం తీశారు. సూదిలో రోగం నింపి ఎడ్లకు ఇచ్చారు, ఎడ్లు దాన్ని ఒంట్లో దాచుకుని బర్రెల మీదికి ఊదాయి. అందులోనూ ఫ్యాక్టరీకి పోయి వచ్చినవి గంగవ్వ ఎడ్లు. పైగా బండి మీద ఆడమనిషి. ఇక చెప్పేదేముంది?

పటేల్ తీర్పు చెప్పేశాడు. వచ్చే అంగడికల్లా గంగవ్వ తన ఎడ్లను సరిహద్దు అవతల అమ్మేయాలి. లేదంటే ఆ ఇంటి గొడ్లను కాపరి మందలోకి తోలుకుపోడు, ఊరి తొట్లో నీళ్ళు లేవు, ఎవరి పొలం గట్టు మీదా దారి లేదు. ఇంకో మాట కూడా అన్నాడు, అది నన్ను చూసి అన్నాడు. ఇగ మా ఊర్ల సూది మాటెత్తొద్దమ్మా అన్నాడు.

గంగవ్వ నన్ను తన కొట్టంలోకి తీసుకుపోయింది. మూలలో ఆమె బర్రె నిలబడి ఉంది, గిట్టలు పచ్చిపుండ్లు. పక్కన గుంజ ఉంది, గుంజకు తాడు ఉంది, తాడుకు దూడ లేదు. నేను అటు చూడటం చూసి, నిన్ననే పోయింది అని మాత్రం అంది.

"డాక్టరమ్మా, నా ఎడ్లను సూడు. మంచిగ సూడు. వీటికి ఏ రోగం లేదని ఊరందరి ముంగట చెప్పు. నువ్వు చెప్తే నా ఎడ్లు నాకుంటయ్."

ఆ ఎడ్లు పోతే ఆ ఇంట్లో ఏం మిగులుతుందో నాకు ఎవరూ చెప్పనవసరం లేదు. రోగం లేదని చెప్పాలని నాకూ ఉంది. చెప్తానన్న నమ్మకంతోనే ఎడ్ల దగ్గరికి పోయాను. కుడివైపు కట్టే వలపటెద్దు నోరు తెరిచి చూస్తే శుభ్రంగా ఉంది. ఎడమవైపు కట్టే దాపటెద్దు ముక్కుతాడు రహీం భాయ్ పట్టుకున్నాడు. నేను దాని నాలుక పక్కకు లాగి వెలుతురుకు తిప్పాను.

ఎద్దు నాలుక ఆకురాయిలా గరుకుగా ఉంటుంది. దాని నాలుక మీద ఒకచోట గరుకు లేదు. బొటనవేలు ఆనేంత మేర, నునుపుగా, లేత రంగులో ఒక మచ్చ. గాలికుంటు పొక్కు పగిలి మానిన చోటు అది. పుండు వయసు చెప్పడం మా చదువులో ఒక భాగం. పగిలిన కొత్తలో ఎర్రగా అంచులు తెగి ఉంటుంది, తర్వాత పసుపు పొర కడుతుంది, ఆ తర్వాత ఇలా నున్నటి చర్మం వస్తుంది. ఊళ్ళో బర్రెల పుండ్లు ఇంకా పచ్చివి. దాపటెద్దుది మాత్రం ఎప్పుడో మానిపోయింది. అంటే ఆ ఊళ్ళో మొదట జబ్బు పడింది ఇదే.

బండి వరుసలో ఉన్నప్పుడు ఈ ఎద్దు మేత మానిందా అని అడిగాను. ఒక పొద్దుమీకి, సాయంత్రం పూట, మేత ముట్టలేదని, మూతి నాక్కుంటూ ఉండిపోయిందని, దూరం నడిచి అలిసిపోయిందనుకున్నానని గంగవ్వ చెప్పింది. తెల్లారి మళ్ళీ తిన్నదట.

జరిగింది నాకు అర్థమైంది. వరుసలో ఏదో పరాయి ఎద్దు నుంచి వైరస్ దీనికి అంటింది. టీకా వల్ల పుట్టిన యాంటీబాడీలు రక్తంలో కాచుకుని ఉన్నాయి, వైరస్‌ను ఒళ్ళంతా పాకనివ్వలేదు. నాలుక మీద ఒక్క పొక్కు, ఒక పూట మేత మానడం, అంతే. అదే టీకా లేకపోతే ఈ ఎద్దు రోడ్డు మీదే కూలబడేది. కానీ రక్తంలో కాపలా ఉన్నంత గట్టిగా ముక్కులోనూ గొంతులోనూ ఉండదు. జబ్బు పైకి కనపడని పశువు కూడా కొన్నాళ్ళు చొంగలో, ఊపిరిలో వైరస్‌ను వదలగలదు. బండి చక్రాల బురదతో వచ్చి ఉండొచ్చని కూడా అనుకోవచ్చు. నేనూ అనుకోవాలనే చూశాను. ఆ మచ్చ నన్ను అనుకోనివ్వలేదు.

నేను గంగవ్వకు అంతా చెప్పాను. టీకా రోగం తేలేదు, చచ్చిన వైరస్ ఎప్పటికీ తేలేదు. కానీ వరుసలో అంటుకున్న రోగాన్ని నీ ఎద్దు ఇంటికి తెచ్చి ఉంటుంది అన్నాను. ఆమె నన్ను కొడుతుందేమో అనుకున్నాను.

"నువ్వు సుత గా పటేల్ దిక్కేనా?"

కాదన్నాను. నేను ఎవరి దిక్కూ కాదని చెప్పబోయి ఊరుకున్నాను, ఎందుకంటే అది అబద్ధం. నేను ఆమె దిక్కే. ఆమె గుమ్మంలో కూలబడింది. తర్వాత తల ఎత్తకుండానే రెండు ప్రశ్నలు అడిగింది. ఎడ్లకు సూది లేకుంటే ఏమయ్యేది అని మొదటిది. రెండూ తోవలోనే పడేవి, ఇంతకు ఎన్నో రెట్లు రోగం చల్లేవి అని చెప్పాను. రెండోది బర్రె వైపు చూస్తూ అడిగింది.

"బర్రెకు గూడ ఏపిచ్చి ఉంటే?"

"బర్రె ఇంతగనం పడకపోతుండె. తల్లి నుంచి దూడకు గింత రోగం సోకకపోతుండె. బతుకుతుండెనేమో గంగక్కా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది, రహీం భాయ్ ముందు ఏడవకూడదని బయటికి వచ్చేశాను.

మర్నాడు నిజామాబాద్ వెళ్ళి మా ఏడీకి, అంటే అసిస్టెంట్ డైరెక్టర్‌కు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, ఊరూరా తిట్లు తిని విసిగిపోయిన మనిషి. టీకాకూ ఈ జబ్బుకూ సంబంధమే లేదని ఊరికి చెప్పి చేతులు దులుపుకో అన్నాడు. టీకా వేసిన పశువు కూడా రోగం మోయగలదని చెప్తే ఆ ఒక్క ఊరే కాదు, చుట్టుపక్కల ఊళ్ళన్నీ తలుపులు మూసుకుంటాయి, జనానికి సగం సగం సంగతులు ఎక్కవు అన్నాడు. చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పాడు.

"సార్, ఆ ఊరివాళ్ళు కళ్ళారా చూసింది నేను కాదంటే నన్ను అబద్ధాలకోరు అంటారు. వాళ్ళు సరిగ్గానే చూశారు, అర్థం తప్పు తీశారు. నేను అర్థం సరిచేస్తాను గానీ చూపు తప్పని చెప్పను," అన్నాను.

ఊరు పాడైతే బాధ్యత నీదే అన్నాడు. నాదేనని చెప్పి బస్సెక్కాను. బోధన్ దాకా కోపంతో కిటికీ చువ్వ పట్టుకునే కూర్చున్నాను. టీకా మీద నాకున్న నమ్మకం ఆయనకు లేదని నాకు ఆ దారిలో అనిపించింది. ఉన్నవాడైతే దాని గురించి నిజం చెప్పడానికి భయపడడు.

పాల కేంద్రం అరుగు మీద ఊరు కూడింది. పాలు లేక కేంద్రం మూతపడి ఉంది, అందుకే అక్కడ కూడారు. నేను మామూలుగా అయితే వైరస్, యాంటీబాడీ అని మొదలుపెడతాను. ఆ రోజు వాన గురించి చెప్పాను. గొంగడి కప్పుకున్న మనిషి వానలో తడవడు, నిజమే. కానీ అదే గొంగడితో ఇంట్లోకి వస్తే ఆ నీళ్ళు ఇంట్లో కారతాయి. గొంగడి వానను తేలేదు. దాన్ని కప్పుకున్నవాడు తడవలేదు, గొంగడి లేని పిల్లలు తడిశారు. సూది కూడా అంతే. ఎడ్లకు గొంగడి కప్పి, బర్రెల్నీ దూడల్నీ ఉత్త ఒంటితో నిలబెట్టాం.

పటేల్ నా ఆఖరి మాటను వదిలేసి తనకు కావలసింది పట్టుకున్నాడు. చూసిండ్రా, రోగం దాని ఎడ్లే తెచ్చినయని డాక్టరమ్మే ఒప్పుకుంది అన్నాడు. మా ఏడీ చెప్పింది ఇదే కదా అనుకున్నాను. అప్పుడు ఆడవాళ్ళ వెనకనుంచి గంగవ్వ లేచింది.

"ఔ. నా ఎడ్లే తెచ్చినయ్. ఎవ్వరు దాసేది లేదు. దాపటెద్దు నాలిక మీద మచ్చున్నది, వచ్చి సూస్కోండ్రి. మరి గా సూదుల దినం నా బర్రెను కాలువ కట్టకు కొట్టింది ఎవరు? నేనే. నా దూడను నేనే సంపుకున్న. మీ దూడలను ఎవరు సంపిండ్రో మీరు చెప్పుండ్రి."

ఆమె పటేల్ వైపు తిరిగింది.

"నీ బర్రె తలుపెన్క అరిసిందని ఊరంత ఎర్కనే పటేలా. ఎడ్లను నేనమ్మ. అమ్మితే గీ రోగమే ఇంకో ఊరికి అమ్మినట్టు. డాక్టరమ్మ ఎన్నొద్దులు కట్టెయ్యుమంటే అన్నొద్దులు నా చేన్లనే కట్టేస్త. నీళ్ళు నేనే మోస్త. మీ తొట్టి మీకే ఉండనియ్యుండ్రి."

పటేల్ ఏదో అన్నాడు, ఎవరూ వినిపించుకున్నట్టు లేదు. ఒప్పుకోలు లేదు, చప్పట్లు లేవు. ఒక్కొక్కరే లేచి పుండ్లు కడగడానికి తమ తమ కొట్టాలకు పోయారు. తీర్పును ఎవరూ వెనక్కి తీసుకోలేదు, అలాగని అమలు చేసే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది. గంగవ్వ చెప్పినట్టే చేసింది. ఎడ్లను చేనులో విడిగా కట్టేసింది, బిందెలతో నీళ్ళు మోసింది. ఆ క్రషింగ్ కాలంలో ఆమె బండి మళ్ళీ ఫ్యాక్టరీ మొహం చూడలేదు. మిగిలిన చెరకు పొలంలోనే ఎండిపోయింది. నేను వెళ్ళినప్పుడల్లా నాతో ముభావంగానే మాట్లాడేది, నా మీద ఆమెకు కోపం పోలేదు. నేనూ క్షమించమని అడగలేదు. నిజం చెప్పినందుకు క్షమించమని ఎలా అడుగుతాం?

తర్వాతి సూదుల వంతు ఎండలు ముదరకముందు వచ్చింది. ఏడీ ఆ ఊరిని వదిలేయమన్నాడు. నేను వదలనన్నాను. ఒక్క గొడ్డు వచ్చినా వేసి వస్తానని పొద్దు పొడవకముందే రహీం భాయ్‌తో బయల్దేరాను. వెళ్ళేసరికి ఊరి బయట, మంద పోయే బాటకు అడ్డంగా బండి ఒకటి నిలబడి ఉంది. ఒక పక్క ముళ్ళకంచె, ఒక పక్క కాలువ, నడుమ గంగవ్వ బండి. ఎడ్లు రెండూ కాడికి కట్టి ఉన్నాయి. బండి చక్రానికి ఆమె బర్రె కట్టేసి ఉంది. వెనక ఊరి మంద అంతా ఆగిపోయింది, బర్రెలు, ఆవులు, మిగిలిన దూడలు. కాపరి నెత్తి గోక్కుంటూ నిలబడ్డాడు.

"మొదలు నా బర్రెకెయ్యి. తర్వాత ఒక్కొక్కటి రానియ్యి. సూది ఏపిచ్చుకోని గొడ్డు గీ బాట దాటది."

నేను ఆమె బర్రెకు వేశాను. తర్వాత ఆమె పక్కింటివాళ్ళ ఆవు వచ్చింది, దాని వెనక ఇంకొకటి. కొందరు తిట్టుకుంటూ పట్టుకొచ్చారు, కొందరు నా మొహం చూడకుండా పట్టుకొచ్చారు, మొత్తానికి పట్టుకొచ్చారు. బాట అవతల పచ్చగడ్డి ఉంది, మంద ఆకలి మీద ఉంది. పటేల్ వచ్చాడు. మొదట బండి తీయమని అరిచాడు. గంగవ్వ పగ్గాలు పట్టుకుని కాలువ వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి ఆయన వెనక్కి పోయి, తన చేత్తోనే ఒక బర్రెను తోలుకుని వచ్చి నా ముందు నిలబెట్టాడు. నేను సూది వేశాను.

ఆ తర్వాత నేను చాలా ఊళ్ళలో పనిచేశాను. కొత్తగా చేరిన డాక్టర్లకు టీకా గురించి చెప్పేటప్పుడు ఈ కేసే చెప్తాను. టీకా తాను వెళ్ళిన ఒంట్లో తన పని చేస్తుంది, పక్కనున్న ఒంటి సంగతి దానికి తెలియదు, అది మనం చూసుకోవాల్సిన పని అని చెప్తాను. టీకాను కాపాడటానికి దాని గురించి అబద్ధం చెప్పొద్దని చెప్తాను. నిజం వింటే జనం పారిపోతారని నాకు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను వాళ్ళ మాట ఆ రోజూ వినలేదు, ఇవాళ్టికీ వినను. నిజం విని, నష్టపోయి, నా మీద కోపంతోనే బాటకు బండి అడ్డం పెట్టిన మనిషిని నేను చూశాను.

ఆ పొద్దున మందలో ఆఖరి గొడ్డుకు కూడా సూది పడ్డాక, ఇక బండి తీయమ్మా అన్నాడు పటేల్, ఈసారి మెత్తగానే. గంగవ్వ పగ్గాలు అందుకుంది. సరిగ్గా అప్పుడే ఊరి మొదట్లో ఉన్న పటేల్ ఇంటి వైపు నుంచి బర్రె ఒకటి అరిచింది. ఆమె పగ్గాలు మళ్ళీ కాడి మీద పెట్టి బండి దిగింది.

"గా తలుపెన్కది గూడ తోల్కరా పటేలా. అందాక ఈడ్నే ఉంట."

ఎండెక్కుతోంది. రహీం భాయ్ ఐసు డబ్బా మూత తీశాడు. పటేల్ ఇంటి దారి పట్టాడు.